కుట్లు విప్పినా దడ తగ్గలేదా? మీ కుక్క మీద దాడి జరిగాక మనసు కుదుటపడే మార్గం

మా కుక్క చుక్క మెడ మీది కుట్లు 12వ రోజున విప్పారు. డాక్టరుగారు మచ్చ చుట్టూ వేలితో నొక్కి చూసి, "ఇక దీనికేం ఢోకా లేదండీ, మామూలుగా తిప్పండి" అన్నారు. సాయంత్రం లీష్ అందుకున్నాను. దాని కొక్కెం మెడపట్టీకి తగిలి టక్కుమంది. ఆ చప్పుడుకే నా అరచేతుల్లో చెమట పట్టింది. చుక్కేమో తలుపు దగ్గర నిలబడి తోక ఊపుతోంది. ఆ రోజు మేం బయటికి వెళ్ళలేదు. ఆ తర్వాత ఎనిమిది రోజులూ వెళ్ళలేదు.

కరిపించుకున్నది అది. జడుసుకున్నది నేను.

ఈ మాట పైకి చెప్పడానికి సిగ్గేసింది. "కుక్కను కుక్క కరిస్తే నీకేమైంది?" అంటారేమోనని. కానీ ప్రాణంగా పెంచుకున్నది కళ్ళెదుటే కీచుమని అరుస్తుంటే, ఏమీ చేయలేక నిలబడిపోయిన మనిషికి దెబ్బ తగలకుండా ఎలా ఉంటుంది? ఆ తర్వాతి నెలల్లో పడ్డ పాట్లు, చదివి తెలుసుకున్నవి, తెలిసినవాళ్ళను అడిగి నేర్చుకున్నవి వరసగా ఇక్కడ రాస్తున్నాను. వీటన్నిటిలో నాకు ఆలస్యంగా బోధపడిన సంగతి ఒకటుంది: దాని భయం వేరు, మన భయం వేరు. రెండూ ఒకే రోజు మొదలైనా ఒకే రోజు తగ్గవు. రెండింటికీ మందూ ఒకటి కాదు. కలగాపులగం చేసుకుంటే ఇద్దరికీ ఆలస్యమే.

1. మొదటి కొన్ని గంటలు: ముందు ఒళ్ళు చూసుకోండి

మనసు గురించి చెప్తానని గాయాలతో మొదలుపెట్టానేమిటి అనుకోకండి. తర్వాత రాత్రుళ్ళు నిద్రపోనివ్వనిది "అప్పుడే చూపించి ఉంటే" అన్న మాటే.

కుక్క చర్మం వదులుగా ఉంటుంది. కోరపన్ను దిగాక కరిచిన కుక్క తల విదిలిస్తే, చర్మం దాంతోపాటు కదిలిపోతుంది గానీ లోపలి కండ చిరుగుతుంది. పైన చూస్తే పెన్సిలు మొనంత రంధ్రమే ఉంటుంది. పంటి నుంచి వచ్చిన సూక్ష్మజీవులు లోపలే ఉండిపోతాయి, రెండు మూడు రోజులకు చీము పడుతుంది. అందుకే రక్తం కారకపోయినా, కుంటకపోయినా అదే రోజు వెట్ (పశువైద్యుడి) దగ్గరికి తీసుకెళ్ళండి. బొచ్చు దట్టంగా ఉన్న కుక్కకైతే, గొరిగి చూస్తే తప్ప ఎక్కడెక్కడ పళ్ళు దిగాయో తెలియదు.

మీ ఒళ్ళు కూడా వెలుతురులో చూసుకోండి. విడదీసే గొడవలో చేతికి పళ్ళు దిగినా ఆ ఆవేశంలో నొప్పి తెలియదు. చిన్న గీత పడ్డా సరే, సబ్బు పెట్టి ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగండి, అదే రోజు డాక్టరుకు చూపించండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. అవి రాకముందే వెంటనే టీకాలు మొదలుపెడితే ఆపవచ్చు. కరిచిన కుక్కకు టీకాలు వేశారో లేదో కనుక్కోండి. మీ కుక్కకు బూస్టర్ అవసరమేమో వెట్‌ను అడగండి.

ఇవన్నీ అయ్యాక వణుకు మొదలవుతుంది. చాలామందికి గొడవ జరుగుతున్నప్పుడు కాదు, ఇంటికొచ్చి కూర్చున్నాకే చేతులు వణుకుతాయి, పళ్ళు టకటకలాడతాయి, ఏడుపు తన్నుకొస్తుంది. అది పిరికితనమూ కాదు, జబ్బూ కాదు. పరిగెత్తడానికో పోట్లాడటానికో ఒళ్ళు కూడగట్టుకున్న బలం అలా దిగుతుంది. బిగబట్టి ఆపకండి. దుప్పటి కప్పుకుని కూర్చోండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఏడో ఎనిమిదో లెక్కపెడుతూ వదలండి. వదిలే ఊపిరి పొడుగ్గా ఉంటే గుండె నెమ్మదిస్తుంది. ఇంకా ఆ చోటే ఉన్నట్టు అనిపిస్తుంటే, ఎదురుగా కనిపించే ఐదు వస్తువుల పేర్లు పైకి అనండి. తర్వాత వినిపిస్తున్న మూడు చప్పుళ్ళు, చేతికి తగులుతున్న రెండు వస్తువులు.

ఇంకో చిట్కా చెప్తే నవ్వొస్తుంది: ఫోన్లో టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలను తిప్పి అమర్చే ఆట) ఆడండి. ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం 2009లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. ఘోరమైన దృశ్యాలు చూపించి, అరగంట తర్వాత కొందరితో ఈ ఆట ఆడించారు. తర్వాతి వారంలో ఆ దృశ్యాలు చెప్పాపెట్టకుండా కళ్ళ ముందుకు రావడం ఆడినవాళ్ళలో తక్కువగా ఉంది. ఆ తర్వాత రోడ్డు ప్రమాదం జరిగి ఆస్పత్రికి వచ్చినవాళ్ళతో, ఆరు గంటలలోపు, జరిగింది ఒకసారి తలుచుకోమని చెప్పి ఆడిస్తే అక్కడా అలాంటి ఫలితమే కనిపించింది. బొమ్మలు బొమ్మలుగా ముద్రపడే జ్ఞాపకానికి, కంటికి పనిచెప్పే ఆట అడ్డం పడుతుందని వాళ్ళ వివరణ. లోపల కుట్లు వేస్తుంటే మీరు బయట కుర్చీలో గోళ్ళు కొరుక్కునే ఆ గంటలో చేయదగ్గ పని ఇది.

ఆ గంటలో అక్కర్లేనిది ఒకటుంది. వచ్చినవాళ్ళందరికీ మొదటినుంచీ పూసగుచ్చినట్టు చెప్పడం. చెప్పాలనిపిస్తే చెప్పండి. "అంతా కక్కేస్తే తేలికవుతుంది" అని ఎవరైనా బలవంతపెడితే మాత్రం ఒప్పుకోకండి. ఘటన జరగ్గానే ఒకే విడతలో అంతా చెప్పించే పద్ధతి మీద వచ్చిన పరిశోధనలను వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ 2002 సమీక్షలో కలిపి చూస్తే, దానివల్ల పీటీఎస్‌డీ (ఘోరమైన ఘటన తర్వాత వదలకుండా వేధించే మానసిక గాయం) ఆగుతుందనడానికి ఆధారం దొరకలేదు.

2. మొదటి వారం: భయానికి హద్దు గీయండి

కాస్త కన్నంటుకోగానే చెవిలో ఆ అరుపు. లేచి చూస్తే కుక్క నిద్రపోతూ ఉంటుంది. పొట్ట కదులుతోందా లేదా అని చీకట్లో వంగి చూడటం, చేయి వేసి చూడటం, దాంతో అది మేలుకోవడం. మొదటి రాత్రి నేను 11 సార్లు లేచాను. పాపం, కుట్ల నొప్పితో ఉన్నదాన్ని కూడా నిద్రపోనివ్వలేదు.

మర్నాడు వెట్‌నే అడిగాను, "ఏం కనిపిస్తే మీకు ఫోన్ చేయాలి?" అని. ఆయన చెప్పినవి కాగితం మీద రాసి తలుపుకు అంటించాను: కుట్ల దగ్గర వాపు పెరగడం, చెడు వాసన, చీము, తిండి మానేయడం, చిగుళ్ళు తెల్లబడటం, ఊపిరి తీసుకోవడంలో తేడా. పడుకునే ముందు ఒకసారి చూసుకోవడం, మందు వేళకు అలారం పెట్టుకోవడం, అంతే. మధ్యలో లేవాలనిపిస్తే కాగితం గుర్తుచేసుకోవడం. ఇంట్లో ఇంకొకరుంటే రాత్రిని సగం సగం పంచుకోండి. కాపలా మీదొక్కరిదే అయితే వారం తిరిగేసరికి మీరే పడిపోతారు.

ఒక పని మాత్రం మొదటి రెండు రోజుల్లోనే కూర్చుని ముగించేయండి. తేదీ, వేళ, చోటు, జరిగింది పది వాక్యాల్లో, గాయాల ఫోటోలు, వెట్ బిల్లులు, చూసినవాళ్ళ పేర్లు, అవతలి కుక్క యజమాని వివరాలు. ఫిర్యాదు చేసినా చేయకపోయినా ఇవి అక్కరకొస్తాయి. అసలు లాభం వేరే ఉంది. వివరాలు కాగితం మీదికి ఎక్కితే, మర్చిపోతానేమోనని మనసు వాటిని పదేపదే తిప్పి చూసుకోదు. రాసి, కవర్లో పెట్టి, కంటికి కనబడని చోట పెట్టేయండి.

"కుక్కే కదా" అనేవాళ్ళు తప్పకుండా తగులుతారు. నలుగురూ వచ్చి పలకరించని, ఆఫీసులో సెలవు అడగలేని దుఃఖాన్ని గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లో రాశారు. లోకం గుర్తించని దుఃఖం అది. పెంపుడు జంతువుల గురించి పడే బాధ ఆ కోవలోదే. అది తక్కువ బాధేమీ కాదు, పంచుకునే చోటు లేక లోపలే ఉండిపోతుంది. ఇలాంటివాళ్ళకు ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకోండి: "నా కళ్ళ ముందే జరిగింది, ఇంకా తేరుకోలేదు." వాదన వద్దు. మీ మాట విని తల ఊపే మనిషి ఒక్కరు దొరికితే చాలు.

3. "నా వల్లే" అన్న మాటతో కూర్చోండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ కాలం ఉండేది ఇదే. భయం తగ్గాక కూడా ఇది మిగులుతుంది.

కాళ్ళూ చేతులూ ఆడలేదు, నోట మాట రాలేదు, కొయ్యబారిపోయాను. ఇవి మనం రోజూ వాడే మాటలు. ప్రాణభయం కలిగినప్పుడు ఒంటికి మూడు దారులున్నాయని, పోట్లాడటం, పారిపోవడం, కదలకుండా ఉండిపోవడం అని శాస్త్రం చెప్తుంటే, మూడోదానికి మన దగ్గర ఇన్ని పేర్లు ఎప్పుడో ఉన్నాయి. ఇంతమందికి జరగకపోతే ఇన్ని మాటలు పుట్టవు. అది మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం కాదు. మెదడులో ఆలోచించే భాగానికి కబురందేలోపే ఒళ్ళు చేసేసే పని. "నేను దాన్ని కాపాడలేదు" అంటున్నారు చూశారా, ఆ "నేను" అప్పటికి ఇంకా రంగంలోకి దిగనేలేదు.

రెండో చిక్కు, తర్వాత పుట్టిన తెలివి. ఫలితం తెలిశాక, అది ముందే తెలిసి ఉండాల్సింది అనిపించడం మనసు అలవాటు. బరూక్ ఫిష్‌హాఫ్ 1975లో దీన్ని ప్రయోగాలతో చూపించారు. ఫలితం తెలిసినవాళ్ళు, "ఇది ఇలాగే జరుగుతుందని ఎవరైనా చెప్పగలరు" అనుకుంటారు. తెలియనివాళ్ళు అలా అనుకోరు. దాడి జరిగింది కొన్ని క్షణాల్లో. మీరేమో వారాల తరబడి దాన్ని ముందుకూ వెనక్కూ తిప్పి, ఆగి ఆగి చూస్తూ, ఆ క్షణాల్లో ఉన్న మనిషికి తీర్పు చెప్తున్నారు.

కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు "అప్పటికి నాకు తెలిసింది", కుడివైపు "తర్వాత తెలిసింది". నా కాగితం మీద ఎడమవైపు ఉన్నవి: రోజూ వెళ్ళే దారే, చుక్క లీష్ మీదే ఉంది, వీధి ఖాళీగా ఉంది. కుడివైపు: ఆ ఇంటి గేటు గడియ పడలేదు, ఆ కుక్క అంతకుముందు కూడా ఒకసారి బయటికి ఉరికింది. రాత్రుళ్ళు నన్ను నేను తిట్టుకున్న తిట్లన్నీ కుడివైపు నుంచే పుట్టాయని ఆ కాగితం చూశాకే తెలిసింది.

అయితే ఎడమవైపు నిజంగానే ఒక తప్పు కనబడవచ్చు. ఆ కుక్క గుర్రుమంటుంటే "ఏం కాదులే" అని దగ్గరికి పోనిచ్చారు, లేదా వదలకూడని చోట లీష్ వదిలారు. అప్పుడు "నీ తప్పేం లేదు" అని ఎవరన్నా మనసు నమ్మదు, నమ్మకపోవడమే సరి. దాన్ని ఒక్క మార్పుగా తేల్చండి. "ఇకమీదట ఫలానా చోట లీష్ తీయను." ఆ మార్పు అమల్లోకి వచ్చాక మళ్ళీ మళ్ళీ శిక్ష వేసుకోవడం వల్ల కుక్కకు ఒరిగేదేమీ లేదు. అది మిమ్మల్ని కోర్టుకు ఈడ్చలేదు. మీ పక్కనే పడుకుంటోంది.

ఇంకా తిరుగుతూనే ఉంటే రాయండి. జేమ్స్ పెన్నిబేకర్ 1980లలో ప్రయోగించిన పద్ధతి తేలికైనది. రోజుకు 15 నిమిషాలు, వరసగా నాలుగు రోజులు, అక్షరదోషాలు పట్టించుకోకుండా, ఎవరికీ చూపించక్కర్లేకుండా, జరిగినదాని గురించి మీ లోపల ఏముందో రాయడం. మొదటి రోజుల్లో వద్దు. రెండు మూడు వారాలు గడిచి, నిద్ర కాస్త దారికొచ్చాక మొదలుపెట్టండి. రాసిన వెంటనే బరువుగా ఉంటుంది, అందుకని పడుకునే ముందు రాయకండి.

4. కోపం వస్తే

వస్తుంది. అవతలి యజమాని "మా కుక్క ఎప్పుడూ ఇలా చేయలేదు" అంటే ఇంకా వస్తుంది. మొదటి రెండు రోజులు సోషల్ మీడియాలో ఏమీ పెట్టకండి. రాత్రి పెట్టిన పోస్టు తెల్లారేసరికి యుద్ధమై కూర్చుంటుంది, ఫిర్యాదు చేయాలనుకుంటే మీకే అడ్డమవుతుంది. అవతలివాళ్ళతో మాట్లాడాల్సి వస్తే రాసుకుని మాట్లాడండి: జరిగింది, ఖర్చు, మీరు వాళ్ళను చేయమంటున్న ఒక్క పని. గేటుకు గడియో, కుక్క మూతికి తొడిగే బుట్టో. క్షమాపణ అడిగితే రావచ్చు, రాకపోవచ్చు. మీరు కోలుకోవడాన్ని దానికి ముడిపెట్టకండి.

ఆ జాతి కుక్కలంటేనే మంట పుట్టడం కూడా మామూలే. కొన్నాళ్ళకు తగ్గుతుంది.

5. కుక్క ఏమంటోందో దాన్నే అడగండి

నేను చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే. నాకు భయమేస్తే చుక్కకు భయమేస్తోంది అనుకున్నాను.

రెండు మూడు రోజులు ఎలాగూ దానికి విశ్రాంతి కావాలి. ఒకదాని మీద ఒకటిగా టెన్షన్లు పేరుకుంటే, చిన్న చప్పుడుకే అది ఉలిక్కిపడుతుంది. ఆ రోజుల్లో ఇంటికి కొత్తవాళ్ళు వద్దు. తువ్వాల్లో తిండి ముక్కలు చుట్టి వెతుక్కోనివ్వడం, నమలడానికి ఏదైనా ఇవ్వడం చాలు. వెతకడం, నమలడం వాటిని నెమ్మదింపజేస్తాయి.

ఆ తర్వాత గమనించండి. భయంలో ఉన్న కుక్క తోక కడుపు కిందికి ముడుస్తుంది, చెవులు వెనక్కి పెడుతుంది, తిండి లేకుండానే పెదాలు నాకుతుంది, నిద్ర రాకుండానే ఆవులిస్తుంది, తల తిప్పకుండా ఓరకంట చూస్తే కంటి తెల్లగుడ్డు కనబడుతుంది. ఇష్టమైన ముక్క కూడా తీసుకోదు. ఒళ్ళంతా వదులుగా, నోరు కొద్దిగా తెరిచి, నేల వాసన చూస్తూ నడుస్తుంటే అది బాగానే ఉన్నట్టు. గుర్రుమంటే తిట్టకండి. "నాకు భయమేస్తోంది, దూరం పెట్టు" అని అది చెప్పే మర్యాదైన పద్ధతి అది. ఆ గుర్రు మాన్పిస్తే చెప్పకుండా కరవడం నేర్చుకుంటుంది.

భయపడినప్పుడు దగ్గరికి తీసుకుంటే భయం అలవాటవుతుందని చాలామంది అంటారు. కాదు. భయం ఒక భావం, బహుమతి కోసం చేసే పని కాదు. ఒళ్ళో తల పెడితే నిమరండి. దూరంగా పోయి పడుకుంటే పోనివ్వండి.

మీ స్థితి మాత్రం దానికి తెలుస్తుంది. బెల్‌ఫాస్ట్‌లో 2022లో ఒక ప్రయోగం చేశారు. జనంతో మనసులో కష్టమైన లెక్కలు చేయించి, లెక్కలకు ముందూ తర్వాతా వాళ్ళ చెమట, ఊపిరి నమూనాలు కుక్కల ముందు పెడితే, టెన్షన్ నమూనాను అవి వాసనతోనే పట్టేశాయి. (లెక్కలంటే భయపడే నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనబడలేదు.) స్వీడన్‌లోని లింక్‌షాపింగ్ విశ్వవిద్యాలయం 2019లో 58 కుక్కల వెంట్రుకల్లో, వాటి యజమానుల వెంట్రుకల్లో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ కొలిస్తే, నెలల తరబడి రెండూ కలిసి పెరుగుతూ తగ్గుతూ కనిపించాయి. కాబట్టి ధైర్యం నటిస్తే కుక్క మోసపోదు. నటన మానేసి ఒంటిని వదులు చేయండి. మోకాళ్ళు, భుజాలు, దవడ. ముఖ్యంగా లీష్ పట్టిన చేయి.

ఆ చేయి సంగతి నాకు ఒకరు చూపించారు. కుక్కలకు శిక్షణ ఇచ్చే పెద్దాయన ఒకరు ఓ ఉదయం మాతో నడిచారు. దూరంగా ఒక కుక్క కనబడగానే చుక్క బిగుసుకుంది. ఆయన, "ఆ లీష్ ఇటివ్వండి. మీరు ఒక పదడుగులు వెనక రండి" అన్నారు. లీష్ ఆయన చేతిలోకి వెళ్ళగానే కిందికి వంగి ఊయల తాడులా వేలాడింది. చుక్క ఒకసారి అటు చూసి, నేల వాసన చూసుకుంటూ ముందుకు పోయింది. "ఏం చేశారండీ?" అన్నాను. ఆయన నా చేయి చూపించారు. నేను లీష్‌ను గుప్పెటకు రెండు చుట్లు తిప్పి పట్టుకునేదాన్నట, తాడు ఒత్తుకుని చర్మం మీద ఎర్రటి చార. "ట్రైనింగ్ ఇవ్వాల్సింది దీనికి కాదండీ, మీ మోచేతికి" అన్నారు నవ్వుతూ. మెడపట్టీ బిగిసిన ప్రతిసారీ, "అదిగో, ప్రమాదం" అని నేనే దానికి చెప్తున్నానన్నమాట.

6. మళ్ళీ గడప దాటడం

బయటికి వెళ్ళకపోతే ఆ పూట హాయిగా ఉంటుంది. ఆ హాయే చిక్కు. వెళ్ళకపోవడం వల్లే బతికిపోయానని మనసు లెక్కేసుకుంటుంది, మర్నాడు గడప ఇంకాస్త ఎత్తవుతుంది. అలాగని మొదటి రోజే ఆ వీధిలోకి నడవడమూ పనికిరాదు.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే చిన్న పిల్లాడి గురించి రాశారు. పిల్లాడు ఇష్టమైనది తింటుండగా కుందేలును గదిలో దూరంగా ఉంచేవారు. రోజురోజుకూ కొంచెం దగ్గరికి జరిపారు. చివరికి వాడు దాన్ని చేత్తో నిమిరాడు. నూరేళ్ళు దాటినా కుక్కలకూ మనుషులకూ ఇప్పటికీ పనిచేస్తున్న కిటుకు ఇదే: భరించగలిగే దూరం, దాంతోపాటు ఏదో మంచి, మెల్లగా దగ్గరికి.

ముందు మీ నిచ్చెన వేసుకోండి, కుక్క లేకుండా. మీకు భయం కలిగించేవి పది రాసి, ఒక్కోదానికి 0 నుంచి 100 దాకా మార్కులు వేయండి. జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు వాడిన కొలత ఇది. నా నిచ్చెనలో లీష్ చప్పుడు వినడానికి 30, లీష్ పట్టుకుని ఇంటి ముందు నిలబడటానికి 40, దూరంగా మొరుగు వినడానికి 55, ఆ వీధి మొదట్లో నిలబడటానికి 70, ఆ గేటు ముందు నుంచి నడవడానికి 95. అట్టడుగు మెట్టుతో మొదలుపెట్టి, మార్కులు సగానికి పడేదాకా అక్కడే ఉండండి. దడ శిఖరం మీద ఉన్నప్పుడు వెనక్కి పరిగెత్తితే భయం గెలిచినట్టవుతుంది. నిలబడితే అదే దిగుతుంది. రెండు మూడు రోజులు వరసగా తేలిగ్గా ఉంటే పై మెట్టు. లీష్ చప్పుడు మెట్టు కోసం నేను టీవీ చూస్తూ కొక్కేన్ని టక్కు టక్కుమనిపిస్తూ కూర్చునేదాన్ని. ఇంట్లోవాళ్ళకు పిచ్చెక్కింది. నాలుగో రోజుకు నాకు చెమట పట్టడం ఆగింది.

కుక్క నిచ్చెన వేరే. దానికి కొలత దూరం. వేరే కుక్కను చూసి కూడా మీ చేతిలోని ముక్క తినగలిగేంత దూరం ఎంతో కనుక్కోండి. వంద అడుగులు కావచ్చు, ఇంకా ఎక్కువా కావచ్చు. అక్కడ నిలబడండి. ఆ కుక్క కనబడగానే ముక్క, మళ్ళీ ముక్క, మళ్ళీ ముక్క. అది కనుమరుగవగానే ముక్కలు బంద్. వరస తారుమారు కాకూడదు. ముందు కుక్క కనబడాలి, తర్వాతే తిండి రావాలి. కొన్నాళ్ళకు వేరే కుక్కను చూసి మీవైపు తిరుగుతుంది, "ఏదీ నా ముక్క?" అన్నట్టు. అప్పుడు నాలుగడుగులు దగ్గరికి. తినడం మానేసిందంటే మరీ దగ్గరికొచ్చేశారు, మాట్లాడకుండా వెనక్కి తిరగండి. ఒక్కసారికి పది నిమిషాలు చాలు.

"అన్ని కుక్కలతో కలిపేస్తే అదే సర్దుకుంటుంది" అన్న సలహా వినకండి. మెడ గుంజే గొలుసులు, షాక్ ఇచ్చే పట్టీలు అసలే వద్దు. వేరే కుక్క కనబడినప్పుడల్లా మెడకు నొప్పి తగిలితే, వేరే కుక్క అంటే నొప్పి అని మరింత బలంగా నేర్చుకుంటుంది.

7. "మళ్ళీ జరిగితే?" అన్నదానికి జవాబు

ఈ ప్రశ్నను తోసేస్తే పోదు, జవాబు చెప్తే కాస్త సద్దుమణుగుతుంది. నా జవాబు మూడు ముక్కలు. దూరంగా విడి కుక్క కనబడితే వెంటనే వెనుదిరగడం. "ఇటు పోదాం" అనగానే చుక్క గిరుక్కున తిరిగేలా ఇంట్లోనే ఆటగా నేర్పాను. ఆ విడి కుక్క దగ్గరికి వచ్చేస్తే గుప్పెడు తిండి ముక్కలు దాని ముఖం వైపు విసరడం, చాలా కుక్కలు నేల వెతకడంలో పడతాయి. అప్పటికీ ఆగకపోతే మా ఇద్దరికీ దానికీ మధ్య గొడుగు టప్పున తెరవడం. (మీ కుక్కకు గొడుగు చప్పుడు ముందే అలవాటు చేయండి, లేకపోతే ముందు పారిపోయేది అదే.) కుక్కలు ఒకదాన్నొకటి పట్టుకున్నాక రెండు నోళ్ళ మధ్య చేయి పెట్టకండి. ఎక్కువమందికి కాట్లు పడేది అక్కడే. చిన్న కుక్కను చేతుల్లోకి ఎత్తుకుంటే రెండోది మీ మీదికే ఎగరవచ్చు. కారు మీదికో గేటు అవతలికో చేర్చగలిగితే మేలు.

ఇవి వారానికోసారి ఖాళీ చోట ఆడి చూసుకోండి. కాళ్ళూ చేతులూ ఆడని క్షణంలో పనికొచ్చేది ఒంటికి అలవాటైన పనే. అయితే సంచీ నిండా ఆయుధాలు పెట్టుకుని బయల్దేరకండి. అప్పుడు ప్రతి నడకా యుద్ధానికి వెళ్ళినట్టే ఉంటుంది.

8. కొన్ని ఇళ్ళలో సంగతి వేరు

కుక్క బతకకపోతే పైన చెప్పిన నిచ్చెనల సంగతి ఇప్పట్లో పక్కన పెట్టండి. చివరి దృశ్యం మిగతా జ్ఞాపకాలన్నిటినీ మింగేస్తుంది, అదే ఎక్కువ బాధ. వెట్ దగ్గరికి ఒక్కసారి వెళ్ళి మనసులో ఉన్నవి అడిగేయండి: నొప్పి ఎంతసేపు తెలిసి ఉంటుంది, ఇంకేమైనా చేసి ఉండగలిగేవాళ్ళమా. ఊహల్లో వచ్చే జవాబులు చాలాసార్లు అసలు జవాబు కంటే క్రూరంగా ఉంటాయి. పాత ఫోటోలు చూడగలిగే రోజు వచ్చినప్పుడు చూడండి, తొందర లేదు. వెలితి పూడ్చడానికి వెంటనే ఇంకో పిల్లను తెచ్చుకుంటే, ఆ పిల్ల చనిపోయినదానిలా లేదని దాని మీద విసుగొస్తుంది.

కరిచింది మీ ఇంట్లో కుక్కే అయితే నరకం ఇంకోరకం. ఇద్దరూ మీ బిడ్డలే. ఒకదాన్ని నిమిరితే రెండోదానికి ద్రోహం చేసినట్టుంటుంది. తలుపులు మూసి వేరువేరు గదుల్లో ఉంచి, మీ సమయాన్ని వంతులేసుకోండి. "ఇప్పుడెలా ఉంటాయో చూద్దాం" అని వదలకండి. రెండింటినీ వెట్‌కు చూపించండి. కీళ్ళనొప్పో పంటినొప్పో ఉన్న కుక్క ఉన్నట్టుండి తిరగబడుతుంది. కలిసి ఉండటం కుదరదని తేలితే ఒకదానికి వేరే మంచి ఇల్లు చూడటం ఓటమి కాదు.

పిల్లలు చూసి ఉంటే నిజమే చెప్పండి, చిన్న మాటల్లో. బొమ్మ కుక్కలతో ఆ కొట్లాటే ఆడుతుంటే ఆపకండి. వాళ్ళు దాన్ని అరిగించుకునే పద్ధతి అది.

9. ఎప్పుడు సాయం అడగాలి

మొదటి వారాల్లో పీడకలలు, ఉలికిపాటు, ఆ వీధి తప్పించుకోవడం, అన్నీ ఉంటాయి. నెల దాటినా అవే ఉండి, నిద్రనూ పనినీ పాడుచేస్తుంటే, పీటీఎస్‌డీ ఉందేమో చూసేది అప్పుడే. డాక్టరుకో మానసిక నిపుణుడికో చెప్పండి. ఇలాంటివాటికి సీబీటీలో (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్సలో) గాయపు జ్ఞాపకాల మీద పనిచేసే రకం, ఈఎండీఆర్ అనే (జ్ఞాపకాన్ని తలుచుకుంటూ కళ్ళు అటూ ఇటూ కదిలించే) చికిత్స ఉన్నాయి. రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. "కుక్క గురించి వచ్చానంటే నవ్వుతారేమో" అని ఆగకండి. నవ్వే మనిషైతే ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. బతకాలని లేదు అనిపిస్తే మాత్రం నెల దాకా ఆగొద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

కుక్క కూడా కొన్ని వారాల తర్వాత గుమ్మం దాటకపోతున్నా, ప్రతి కుక్క మీదికీ విరుచుకుపడుతున్నా, ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల దగ్గరికి తీసుకెళ్ళండి. అవసరమైతే ఆందోళన తగ్గించే మందులిస్తారు. కొన్ని కుక్కలకు మందు ఇచ్చి ముక్కలతో నేర్పితే గాని ఎక్కదు.

మూడు వారాలు బాగా గడిచాక ఓ రోజు గేటు వెనక నుంచి ఏదో భౌమంటుంది, మొత్తం మొదటికొచ్చినట్టు ఉంటుంది. రాలేదు. నిచ్చెన మీద రెండు మెట్లు దిగండి, అడుక్కి పోవద్దు. నాకలా నాలుగుసార్లు అయింది.

ఆ వీధిలో, సరిగ్గా అది జరిగిన చోట ఒక కరెంటు స్తంభం ఉంది. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి అక్కడికి వెళ్ళాం. నేను ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాను. చుక్క ఆ స్తంభాన్ని చుట్టూ తిరిగి తీరిగ్గా వాసన చూసింది, పక్కనే తన పని కానిచ్చుకుంది, ఇక పోదామా అన్నట్టు నావైపు చూసింది. చేతికేసి చూసుకున్నాను. లీష్ గుప్పెటకు మళ్ళీ రెండు చుట్లు తిరిగి ఉంది. ఒక చుట్టు విప్పాను.